ఫ్లెమింగో పండగ తేదీ క్యాలెండర్ చూసి పెట్టాలా, పులికాట్‌లో నీళ్లు చూసి పెట్టాలా?

రేణిగుంట_జంక్షన్
చలికాలం వస్తే కశ్మీర్, ఉత్తరాఖండ్ ప్రభుత్వాలు మంచు ఆటలు, కోర్సులు, రోప్‌వేలు అని ముందే తయారైపోతాయి. మన రాష్ట్రంలో చలికాలం టూరిజం అనగానే అరకు గుర్తొస్తుంది. 2025లో జనవరి 31 నుంచి ఫిబ్రవరి 2 దాకా అక్కడ చలి ఉత్సవ్ చేసినారు. మన తిరుపతి జిల్లాకు ఆ స్థాయిలో ఉండేది సూళ్లూరుపేట దగ్గరి పులికాట్ సరస్సు, నేలపట్టు పక్షుల చెరువు. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు సూళ్లూరుపేట తిరుపతి జిల్లాలోకి వచ్చింది. కొన్నేళ్లు ఆగిపోయిన ఫ్లెమింగో ఫెస్టివల్‌ను 2025 జనవరి 18, 19, 20 తేదీల్లో మళ్లీ జరిపినారు. అందుకు సంతోషమే.

నా బాధల్లా ఒకటే. పక్షులు అక్టోబరు నుంచి మార్చి దాకా ఉంటాయి, మన హడావిడి మాత్రం మూడు రోజులు. ఆ మూడు రోజులూ రాజహంసలు (ఫ్లెమింగోలు) సరస్సు మీదుగా పోయే రోడ్డుకు దగ్గర్లో ఉంటాయా లేదా అన్నది అదృష్టం మీద ఆధారపడుతుంది. తేదీ ఎట్ల నిర్ణయిస్తే బాగుంటుంది? మిగతా చలికాలమంతా జనం రావాలంటే, పక్షులకు ఇబ్బంది లేకుండా ప్రభుత్వం ఏం చేయాల? తెలిసినోళ్లు వివరంగా రాయండి.

నీటికాకి
ముందు తేదీ సంగతి తేలాలి, మిగతావన్నీ దాని వెనకాలే వస్తాయి.

పులికాట్ మన దేశంలో ఒడిశాలోని చిలికా తర్వాత అంత పెద్ద ఉప్పునీటి సరస్సు. పెద్దదే గానీ లోతు లేదు, సగటున మీటరుకు అటూ ఇటూ. ఎండాకాలంలో ఉత్తరం వైపు ఎండిపోయి బురద బయటపడుతుంది. అక్టోబరులో ఈశాన్య రుతుపవనాలు మొదలైనాక వాననీళ్లు, కాళంగి, ఆరణి నదుల నీళ్లు చేరి మళ్లీ నిండుతుంది.

రాజహంస మేసే తీరు చూస్తే లోతు ఎందుకు ముఖ్యమో తెలుస్తుంది. అది తల కిందికి వంచి, ముక్కు తిరగేసి నీళ్లలో పెడుతుంది. నాలుకను ముందుకూ వెనక్కూ ఆడిస్తా నీళ్లు లోపలికి లాగి బయటికి తోస్తుంది. ముక్కు అంచుల్లో ఉండే సన్నటి పొరలు ఆ నీళ్లను వడగట్టి చిన్న చిన్న రొయ్య జాతి పురుగుల్ని, నాచును నిలుపుకుంటాయి. రెక్కల్లో గులాబీ రంగు వచ్చేది కూడా ఆ తిండిలోని కెరోటినాయిడ్లు అనే రంగు పదార్థాల వల్లనే. కాళ్లు నేలకు ఆనితేనే అది తీరిగ్గా మేయగలదు. కాబట్టి సుమారు మోకాలి లోతు, అంతకంటే తక్కువ నీళ్లున్న చోటే గుంపులు గుంపులుగా నిలుస్తాయి.

నవంబరు, డిసెంబరుల్లో తుపాన్లు వచ్చి సరస్సు నిండిన ఏడాది జనవరి మొదట్లో రోడ్డు పక్కన లోతు ఎక్కువ ఉంటుంది. అప్పుడు గుంపులు చెదిరి దూరంగా అంచులకు పోతాయి. వచ్చినోళ్లకు కనిపించేది సన్నటి గులాబీ గీత, అంతే. నీళ్లు తగ్గేకొద్దీ గుంపులు మేతకు దగ్గరికి వస్తాయి. వానలు తక్కువ పడిన ఏడాది ఇదంతా తారుమారు అవుతుంది. ఒకే తేదీ ప్రతి ఏడాదికీ సరిపోదు.

సూళ్లూరుపేట_బజారువీధి
నీటికాకి గారు చెప్పింది నిజమే, కాకపోతే పండగ నడిపేవాళ్ల వైపు నుంచి కూడా చూడండబ్బా. లాడ్జీలు, ఆర్టీసీ బస్సులు, బడిపిల్లల టూర్లు, స్టాళ్లు, కళాకారులు, వీళ్లందరికీ కనీసం నెల ముందు తేదీ చేతిలో ఉండాలి. వారం ముందు చెప్తే చెన్నై వాళ్లు రారు, నెల్లూరు వాళ్లు కూడా రారు. సంక్రాంతి సెలవులను దృష్టిలో పెట్టుకోవాలి, ఆ తర్వాత పరీక్షల కాలం వచ్చేస్తుంది. నీళ్లు తగ్గినప్పుడు చూద్దాం అంటే ఏ బస్సు డిపో వాళ్లూ ఒప్పుకోరు.

మంచుబాట
ఇదే తగువు మంచు ఆటల వాళ్లకూ ఉంది. దాన్ని వాళ్లు ఎట్ల పరిష్కరించుకున్నారో చూడండి.

ఖేలో ఇండియా వింటర్ గేమ్స్ 2020లో మొదలైనాయి. 2025లో ఐదోసారి. ఆ ఏడాది ఐస్ హాకీ, స్కేటింగ్ లాంటివి లేహ్‌లో జనవరి 23 నుంచి 27 దాకా అనుకున్నట్టే జరిగినాయి. స్కీయింగ్ లాంటి మంచు ఆటలు గుల్మార్గ్‌లో ఫిబ్రవరి 22 నుంచి జరగాల్సింది. మంచు సరిపడా పడలేదని వాయిదా వేసి, మార్చి 9 నుంచి 12 దాకా పెట్టినారు. మొత్తం రద్దు చేయలేదు, మంచు లేని వాలు మీద బలవంతంగా నడపనూ లేదు. వాతావరణం మీద ఆధారపడే భాగాన్ని వేరుచేసి దాని తేదీని మాత్రమే వెనక్కి జరిపినారు.

మన పండగ కూడా అట్లనే విడగొట్టొచ్చు. సూళ్లూరుపేటలో స్టేజీ, సాంస్కృతిక కార్యక్రమాలు, స్టాళ్లు, ఆటల పోటీలు వీటికి నీళ్లతో పని లేదు. వాటికి స్థిరమైన తేదీ పెట్టుకోండి. రాజహంసల దర్శనానికి మాత్రం ఆరు వారాల గడువు ప్రకటించి, అందులో ఏ వారాంతాలు మంచివో పది రోజుల ముందు చెప్పండి.

సూళ్లూరుపేట_బజారువీధి
ఇది బాగుంది. పండగ మూడు రోజులు, దర్శనం ఆరు వారాలు. లాడ్జీల వాళ్లకు కూడా ఇదే లాభం, మూడు రోజులు కిటకిటలాడి తర్వాత ఖాళీగా పడుండే పని ఉండదు. సరే, నీళ్లు తగ్గినాయని చెప్పేదెవరు? కొలిచేదెట్ల?

లెక్కల_మాస్టారు
కొలవడం పెద్ద పనేం కాదు, తేలిగ్గా తప్పు జరిగేది కూడా అక్కడే.

సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు పోయే రోడ్డు సరస్సును రెండుగా చీలుస్తా పోతుంది. దాని కింద కల్వర్టులు ఉండాయి. నాలుగైదు కల్వర్టుల దగ్గర కొలత గీతలు గీస్తే చాలు. బురదలో కర్ర పాతొద్దు. మెత్తటి బురదలో కర్ర మెల్లగా దిగిపోతుంది, సున్నా గీత కూడా దిగుతుంది, అప్పుడు నీళ్లు పెరిగినట్టు కనిపిస్తుంది. ఇనుప కడ్డీ అయితే ఉప్పుకు తుప్పు పడుతుంది. కల్వర్టు కాంక్రీటు గోడకే 5 సెంటీమీటర్ల చొప్పున గీతలు పెట్టాల. మామూలు పెయింట్ ఉప్పునీళ్లకు పెచ్చులూడిపోతుంది. ఎనామిల్ పలకలు బిగిస్తే నిలుస్తాయి. వాటి మీద నాచు, గుల్లలు పేరుకుంటాయి, రెండు వారాలకోసారి గీకి శుభ్రం చేయాల.

రీడింగ్ వారానికి ఒకసారి, అదే రోజు, అదే టైముకు, పొద్దున్నే గాలి లేచే లోపల తీసుకోవాల. లోతు తక్కువ కాబట్టి గాలి వీస్తే నీళ్లు ఒక పక్కకు నెట్టుకుపోతాయి. ఒక కల్వర్టు దగ్గర ఎక్కువ, ఇంకో దాని దగ్గర తక్కువ చూపిస్తుంది. అందుకే నాలుగింటి సగటు అడుగుతా ఉండాను. కల్వర్టు కింద ప్రవాహానికి కోసుకుపోయి గుంత పడి ఉంటుంది కాబట్టి అక్కడి లోతే మేత జాగా లోతు అనుకోకూడదు. గోడ మీద సున్నా ఎక్కడ పెట్టాలంటే, పక్కన పక్షులు మేసే చోట నేల ఏ ఎత్తులో ఉందో లెవెల్ పెట్టి చూసి, ఆ ఎత్తుకు. ఇది సర్వేయర్‌కు ఒక పూట పని.

దర్శనానికి ఎంత లోతు మంచిదంటే, ముందు 45 సెంటీమీటర్లు అనుకుని మొదలుపెట్టి, రెండు మూడు చలికాలాలు రీడింగులనూ పక్షుల లెక్కలనూ పక్కపక్కన పెట్టి చూస్తే మన సరస్సుకు సరిపోయే అంకె దొరుకుతుంది.

పుత్తూరు_పిల్ల
మాస్టారూ, ఈ రీడింగు అటవీ శాఖ వాళ్లే తీయాలా? కాలేజీ పిల్లలు తీయకూడదా?

లెక్కల_మాస్టారు
తీయొచ్చమ్మా. కాకపోతే శాఖ రిజిస్టర్‌లో ఎక్కితేనే దాన్ని చూసి తేదీ మారుస్తారు. పిల్లలు తీసి, సెక్షన్ ఆఫీసర్ సంతకం పెట్టించుకుంటే రెండూ జరుగుతాయి. రీడింగుతో పాటు గోడ ఫోటో ఒకటి, టైము కనపడేట్టు. అంకె మీద అనుమానం వస్తే ఫోటో తేలుస్తుంది.

దొరవారిసత్రం_చెరువుకట్ట
అందరూ పులికాట్ చుట్టూనే తిరుగుతున్నారు. నేలపట్టుకు ఆ లెక్క పనికిరాదు.

పులికాట్‌కు పక్షులు మేతకు వస్తాయి, నేలపట్టుకు పిల్లల్ని చేయడానికి వస్తాయి. 1976లో అభయారణ్యం చేసిన ఈ చెరువులో నీళ్ల మధ్యన నిలబడి ఉండే చెట్ల మీద గూడబాతులు (పెలికాన్లు), నత్తగుల్ల కొంగలు, నీటికాకులు, తెల్ల కంకణాలు గూళ్లు కడతాయి. చెట్టు చుట్టూ నీళ్లున్నంత కాలం నక్క గానీ కుక్క గానీ పిల్లి గానీ గూడు దాకా పోలేదు. చెరువు ముందే అడుగంటిందంటే ఆ కాపలా పోయినట్టే. కాబట్టి ఇక్కడ నీళ్లు తగ్గేదాకా ఆగుదాం అనే మాట తిరగబడుతుంది. నీళ్లు నిండుగా ఉండాలి, మార్చి దాకా నిలవాలి.

గూడబాతు గుడ్లు పొదగడానికి సుమారు నెల పడుతుంది. ఆ నెలలో తల్లి బెదిరి లేచిందంటే కాకి రావడానికి నిమిషం చాలు. పిల్లలు కాస్త పెద్దవైనాక అంత ప్రమాదం లేదు. జనాన్ని ఎక్కువగా పంపాల్సింది జనవరి రెండో సగం నుంచి. నవంబరు, డిసెంబరుల్లో వాచ్‌టవర్ మీదికి విడతకు కొద్దిమందిని మాత్రమే వదలాల, కట్ట మీద వరసగా గుంపులు నిలబడనీయకూడదు. టవర్ ఎక్కినాక మాట తగ్గించాలి. ఎర్రటి, తళతళలాడే బట్టలు వద్దు, ఆకుపచ్చ, మట్టి రంగు మంచిది.

కపిలతీర్థం_వీధి
గూడబాతుకు ముక్కు కిందే సంచి ఉండాది, దానికి ప్లాస్టిక్ కవర్ అవసరం రాదు. పోయేవాళ్లందరూ దాని దగ్గర అదొక్కటి నేర్చుకుంటే కట్ట శుభ్రంగా ఉంటుంది 😀

దొరవారిసత్రం_చెరువుకట్ట
నిజం సామీ. కురుకురేల కవర్లు గాలికి పోయి చెరువులో పడతాయి. గేటు దగ్గరే సంచులు తనిఖీ చేసి, కవరుకు పది రూపాయలు డిపాజిట్ తీసుకుని, తిరిగి చూపిస్తే వాపసు ఇచ్చే పద్ధతి ఇక్కడ పెట్టొచ్చు.

చిత్తూరు_గాంధీరోడ్డు
నేను ఒప్పుకోను. పక్షులను చూపించి టూరిజం పెంచుదాం అనడంలోనే చిక్కు ఉండాది. పండగంటే మైకులు, డ్రమ్ములు, పటాకులు. వేల మంది వస్తే పక్షి నిలుస్తుందా? ప్రభుత్వం ప్రచారం మానేసి కాపలా పెంచితే చాలు.

సూళ్లూరుపేట_బజారువీధి
ఒక్క విషయం సరిచేయనివ్వండి అన్నా. పెద్ద స్టేజీ, పాటలు, డ్యాన్సులు సూళ్లూరుపేట ఊళ్లో జరుగుతాయి, నేలపట్టు చెరువు కట్ట మీద కాదు. ఆ ఏర్పాటు సరైనదే, అట్లనే ఉంచాలి. సరస్సు దగ్గర ఇబ్బంది మైకు వల్ల కాదు, బండ్ల వల్ల. రోడ్డు మీద కారు ఆపి, డోరు ధడేల్మని వేసి, హారన్ కొట్టి, గుంపుగా బురదలోకి దిగుతారు. అది ఆపితే చాలు.

నీటికాకి
@చిత్తూరు_గాంధీరోడ్డు, మీ భయం న్యాయమైనదే. అయితే ఎవరూ రాని సరస్సును కాపాడమని అడిగేవాళ్లు కూడా ఉండరు. చిలికా ఉత్తరపు ఒడ్డున మంగళజోడి ఉంది. ఒకప్పుడు పక్షుల్ని వేటాడి అమ్మిన ఊరు. ఇప్పుడు ఆ ఊరివాళ్లే కాపలాదారులు, గైడ్లు. ఇంజిన్ లేని పడవను గడకర్రతో తోస్తా, పక్షి పేరు, అలవాట్లు చెప్తా చూపిస్తారు. పక్షి బతికుంటేనే వాళ్లకు చలికాలం సంపాదన. ఆ ఏర్పాటు పులికాట్‌లోని మన అటకానితిప్పకూ, ఇరకం దీవికీ ఎందుకు రాకూడదు?

ఎంత దగ్గరికి పోవచ్చు అనడానికి కొలత పక్షే చూపిస్తుంది. రాజహంస తల నీళ్లలో పెట్టి మేస్తా ఉంటే మీరు సరైన దూరంలో ఉన్నట్టు. మెడలన్నీ ఒక్కసారిగా నిటారుగా లేచి, మేత ఆపి, గుంపు మొత్తం ఒకే దిక్కుకు నడక మొదలుపెట్టిందంటే మీరు దగ్గరికొచ్చేసినారు. అక్కడే ఆగి మెల్లగా వెనక్కి రావాలి. ఇంకొక్క అడుగు వేస్తే లేస్తాయి. లేచిన ప్రతిసారీ మేత టైము, ఒంట్లో కొవ్వు రెండూ పోతాయి. ఎగిరితే ఫోటో బాగుంటుందని చప్పట్లు కొట్టే వాళ్లను గైడు మొహమాటం లేకుండా ఆపాలి.

చిత్తూరు_గాంధీరోడ్డు
మంగళజోడి లాగా ఊరోళ్ల చేతికి ఇస్తే నేను కాదనను. కాంట్రాక్టరుకు ఇస్తే మాత్రం వద్దు.

పుత్తూరు_పిల్ల
బైనాక్యులర్ ఏది కొనాలి? పిల్లలతో పోతే ఎట్లాంటిది మంచిది?

నీటికాకి
8×42. మొదటి అంకె ఎన్ని రెట్లు దగ్గరికి చూపిస్తుందో, రెండోది ముందు అద్దం వెడల్పు మిల్లీమీటర్లలో. 10×42 కూడా బాగుంటుంది గానీ చెయ్యి వణికితే బొమ్మ కూడా ఎక్కువ వణుకుతుంది. తిరునాళ్లలో అరచేతిలో పట్టేంత చిన్న దాని మీద 30×60 అని రాసి అమ్ముతారు. అంత చిన్న అద్దం 60 మిల్లీమీటర్లు ఉండదు, స్కేలు పెట్టి చూస్తేనే తెలుస్తుంది. చిన్న పిల్లలకు 8×32 తేలిక.

వ్యూ పాయింట్లలో ప్రభుత్వం పెట్టాల్సింది మాత్రం స్పాటింగ్ స్కోపులు, అంటే స్టాండు మీద నిలబెట్టి ఒక కంటితో చూసే దుర్భిణులు. 20–60 జూమ్, 80 మిల్లీమీటర్ల అద్దం, బరువైన ట్రైపాడ్. గాలికి తేలికపాటి ట్రైపాడ్ ఊగితే ఏమీ కనిపించదు. ఎండ ఎక్కినాక నీళ్ల మీద వేడి గాలి లేచి బొమ్మ అలలు అలలుగా కదులుతుంది, ఎంత ఖరీదైన స్కోపైనా అంతే. తొమ్మిదిన్నర లోపల చూసేయాలి.

ఇంకొకటి. చలికాలంలో సూర్యుడు రోజంతా దక్షిణం పక్కనే ఉంటాడు. సూళ్లూరుపేట నుంచి షార్ (శ్రీహరికోట రాకెట్ కేంద్రం) వైపు పోయేటప్పుడు ఎడమ చేతి వైపు ఉత్తరం. ఆ పక్క పక్షుల మీద వెలుగు నిండుగా పడి రంగు తెలుస్తుంది. కుడి పక్కవి నల్లగా కనిపిస్తాయి. స్కోపులు, బండ్లు ఆపుకునే జాగాలు ఉత్తరం పక్కన పెడితే చాలా తేడా వస్తుంది.

రేణిగుంట_జంక్షన్
ఈ చివరి మాట ఎవరూ చెప్పగా వినలేదు. రాసుకున్నా.

బీవీపాలెం_గడకర్ర
పడవల గురించి ఎవరూ ఎత్తలేదు, నేను రాస్తా.

2019 సెప్టెంబరులో గోదావరిలో కచ్చులూరు దగ్గర పడవ మునిగినాక రాష్ట్రమంతా బోటింగ్ నిబంధనలు గట్టి చేసినారు. అది మంచిదే. కానీ నదికీ పులికాట్‌కూ ప్రమాదం ఒకే రకంగా రాదు. ఇక్కడ లోతు తక్కువ. పడవ మేట వేసిన చోట ఇరుక్కుంటుంది, జనం కంగారుపడి ఒకే పక్కకు లేస్తారు, అప్పుడు ఒరుగుతుంది. ఇరుక్కున్నప్పుడు ఎవరూ లేవకూడదు. సరంగు దిగి వెనక్కి తోస్తాడు. ఈ మాట బయలుదేరే ముందే చెప్పాల.

రెండోది తెగిన వల ముక్కలు. ఇంజిన్ రెక్కకు చుట్టుకుంటాయి. వెంటనే ఇంజిన్ ఆపి, పైకెత్తి, కత్తితో కోసి తీయాల. రివర్స్ వేసి విప్పుదామని చూస్తే ఇంకా బిగుసుకుంటుంది, సీల్ తెగి ఆయిల్ కారుతుంది. ప్రతి పడవలో కత్తి, గడకర్ర, రెండో తాడు ఉండాల.

లైఫ్ జాకెట్లు పెద్దల సైజు మాత్రమే కొనడం మామూలుగా జరిగే తప్పు. పిల్లలకు వేస్తే జాకెట్ పైకి లేస్తుంది, పిల్లవాడు కింద జారిపోతాడు. పిల్లల సైజు విడిగా, కాళ్ల మధ్యన పట్టీ ఉండేది కొనాల. ఎండలో వేలాడదీస్తే గుడ్డ జీర్ణమై బకిల్ పగులుతుంది. ఏడాదికోసారి బరువు కట్టి నీళ్లలో వేసి తేలుతుందా చూడాల.

పక్షుల దగ్గరికి పోయేటప్పుడు దూరంలోనే ఇంజిన్ ఆపి గడతో తోయాల. ఆ లోతులో ఇంజిన్ రెక్క బురద కలిపేస్తుంది, మేత కూడా పాడవుతుంది.

మంచుబాట
గడకర్ర గారి పోస్టు మొత్తం టెండర్ షరతుల్లో ఎక్కాలి.

వస్తువులు కొని వదిలేయడం గురించి ఒక మాట. 2011లో మొదటి దక్షిణాసియా వింటర్ గేమ్స్ డెహ్రాడూన్, ఔలిలో జరిగినాయి. డెహ్రాడూన్‌లో ఐస్ రింక్ కట్టినారు. ఆటలు అయిపోయినాక అది చాలా ఏళ్లు మూతపడి, 2025లో మళ్లీ తెరుచుకుంది. రింక్ కట్టడానికి ఒకసారి డబ్బు చాలు, దాన్ని గడ్డకట్టించి ఉంచడానికి ప్రతి నెలా కరెంటు బిల్లు కట్టాలి. ఔలిలో మంచు తయారుచేసే యంత్రాలు కూడా పెట్టినారు. గాలి సున్నా కంటే దిగువకు చల్లబడి, తేమ తక్కువగా ఉంటేనే అవి పనిచేస్తాయి. వెచ్చటి చలికాలంలో యంత్రమున్నా మంచు రాదు. 2023 జనవరిలో జోషీమఠ్ నేల కుంగినప్పుడు ఔలి రోప్‌వే ఆపేయాల్సి వచ్చింది. కొండ భరించగలదా అన్నది ముందు చూడకపోతే ఎంత ఖర్చు పెట్టినా లాభం లేదు.

మన దగ్గరా 2015–16లో స్వదేశ్ దర్శన్ పథకం కోస్టల్ సర్క్యూట్‌లో పులికాట్, నేలపట్టు, ఉబ్బలమడుగు చేరినాయి. కట్టడాలకు కేంద్రం డబ్బు ఒకసారి వస్తుంది. నడిపే మనిషి జీతం, మరుగుదొడ్డి నీళ్లు, స్కోపు అద్దం తుడిచే గుడ్డ రాష్ట్రమో జిల్లానో చూసుకోవాల. అడిగేటప్పుడు భవనం అడగొద్దు, మనిషిని అడగండి.

మదనపల్లె_టమాటా
హార్స్‌లీ కొండనూ కాస్త తలుచుకోండప్పా. 1,265 మీటర్ల ఎత్తు, డిసెంబరు, జనవరిల్లో పొద్దున మంచు కమ్మితే ఎదుటి మనిషి కనపడడు. ఊటీకి పోయేవాళ్లను సగం ఇక్కడే ఆపొచ్చు.

కపిలతీర్థం_వీధి
తలుచుకుంటాం గానీ, శనివారం సాయంత్రం ఘాట్ రోడ్డులో ఎదురెదురుగా వచ్చే బండ్లకు ముందు ఒక పద్ధతి కావాల. మంచు కమ్మినప్పుడు హైబీమ్ వేస్తే వెలుగు తిరిగి మన కళ్లలోకే కొడుతుంది. లోబీమ్, పసుపు ఫాగ్ లైటు, రెండో గేరు. ఈ మూడు మాటలు కింద గేటు దగ్గర బోర్డు మీద రాస్తే సగం పని అయినట్టే. కొండ మీద నీళ్ల కరువు ఇంకో కథ, దానికి వేరే థ్రెడ్ తెరువు.

మదనపల్లె_టమాటా
తెరుస్తా. ఇక్కడ ఫ్లెమింగోలే నడవనీ.

దొరవారిసత్రం_చెరువుకట్ట
తిరుపతి నుంచి ఒక్కరోజులో చూడాలంటే వరస ఎట్లుండాలో ఎవరైనా రాయండి. చాలామంది ముందు నేలపట్టు పోయి, ఎండెక్కినాక పులికాట్ పోతారు. రెండూ సరిగ్గా కనపడవు.

రేణిగుంట_జంక్షన్
తెల్లారి నాలుగింటికి బయలుదేరి శ్రీకాళహస్తి, నాయుడుపేట, అక్కడి నుంచి చెన్నై హైవేలో సూళ్లూరుపేట. సూర్యోదయానికి అటకానితిప్ప వైపు రోడ్డు మీద ఉండాల, జనవరిలో ఆరున్నర దాటినాక తెల్లారుతుంది. తొమ్మిదిన్నరకు అక్కడ ముగించి టిఫిన్. పదిన్నర, పదకొండుకు తడ మీదుగా బీవీ పాలెం, గాలి ఎక్కువ లేకపోతే పడవ. భోజనం చేసి కాస్త నడుం వాల్చి, మూడున్నరకు నేలపట్టు. సాయంత్రం పక్షులు మేత నుంచి గూళ్లకు తిరిగొస్తాయి, పిల్లలకు తినిపించడం అప్పుడే బాగా కనిపిస్తుంది. రైల్లో వచ్చేవాళ్లకు సూళ్లూరుపేట స్టేషన్ చెన్నై–గూడూరు లైన్లో ఉంది, తిరుపతి నుంచైతే గూడూరులో మారాల. షార్ దగ్గర కాబట్టి డ్రోన్ బయటికి తీయొద్దు. రాకెట్ ప్రయోగం ఉన్న రోజు ఆ రోడ్డు వైపే పోవద్దు, ట్రాఫిక్‌లో ఇరుక్కుంటారు.

పుత్తూరు_పిల్ల
@మంచుబాట అన్నా, మధ్యలో అడుగుతున్నా, తిట్టొద్దు. మన ఎండల్లో పెరిగినోళ్లు గుల్మార్గ్ పోయి స్కీయింగ్ నేర్చుకోవచ్చా?

మంచుబాట
తిట్టేదేముంది చెల్లీ. నేర్చుకోవచ్చు. గుల్మార్గ్‌లో కేంద్ర పర్యాటక శాఖ కింద స్కీయింగ్, పర్వతారోహణ సంస్థ ఉంది. మొదటిసారి పోయేవాళ్లకు కోర్సులు నడుపుతుంది. ఊరు 2,650 మీటర్ల ఎత్తులో ఉంటుంది, గొండోలా (కేబుల్ కారు) రెండో దశ అఫర్వత్ కొండ దగ్గర 3,900 మీటర్లు దాటుతుంది. మొదటి రోజే పైకి పోవద్దు, తలనొప్పి పట్టుకుంటుంది. గాలి ఎక్కువున్నా, హిమపాతం ప్రమాదమున్నా రెండో దశ ఆపేస్తారు కాబట్టి ఒక రోజు అదనంగా పెట్టుకో.

బట్టల్లో మనవాళ్లు చేసే తప్పు లోపల కాటన్ బనియన్. చెమట పీల్చుకుని తడిగా ఉండిపోతుంది, ఆగిన వెంటనే వణుకు. లోపల సింథటిక్ గానీ ఉన్ని గానీ, మధ్యన ఫ్లీస్, పైన గాలీ నీళ్లూ ఆపే జాకెట్. బూటు అద్దెకు దొరుకుతుంది. సాక్సు ఒక్క జతే వేసుకో, రెండు వేస్తే మడత పడి కాలు బొబ్బలెక్కుతుంది. స్కీల ముందు కొసలు దగ్గరగా, వెనక కొసలు దూరంగా పెట్టి మడమలతో బయటికి నెడితే వేగం తగ్గుతుంది. ముందు ఆగడం నేర్చుకో, జారడం దానంతట అదే వస్తుంది.

బీవీపాలెం_గడకర్ర
అసలు సమస్య సముద్రం నోరు. రాయదొరువు దగ్గర ముఖద్వారం ఇసుకతో పూడుకుపోతా ఉంటే సముద్రం నీళ్లు లోపలికి రావు. చేపపిల్ల, రొయ్యపిల్ల రాదు. జాలరికి పని పోతే పడవ నడిపేదెవరు? పండగ కంటే ముందు అది అడగండి.

నీటికాకి
అడగాల్సిందే. చిలికాలో 2000 సెప్టెంబరులో కొత్త ముఖద్వారం తవ్వినాక ఉప్పు శాతం పెరిగింది, చేపలు పెరిగినాయి, మంచినీటి కలుపు తగ్గింది. ప్రమాదంలో ఉన్న చిత్తడి నేలల జాబితాలో నుంచి 2002లో చిలికాను తీసేసినారు. అయితే అక్కడ తవ్వే ముందు ఉప్పు, ఇసుక కదలిక, అలల లెక్కలు చూసినారు. ఇక్కడ ఊరికే జేసీబీ పెట్టి తవ్వితే తీరం వెంబడి కదిలే ఇసుక మళ్లీ తెచ్చి పూడ్చేస్తుంది. తీసిన ఇసుకను ఏ పక్క పోస్తామన్నది కూడా లెక్కే. ఇసుక కొట్టుకొచ్చే పక్కన పోస్తే మళ్లీ నోట్లోకే వస్తుంది.

రోడ్డు కింద కల్వర్టులు వెడల్పు చేయమనీ అడగాలి. ఉత్తరం భాగానికి నీళ్లు సరిగ్గా అందాలంటే ముఖద్వారం ఎంత ముఖ్యమో అవీ అంతే.

చిత్తూరు_గాంధీరోడ్డు
ఇన్ని తెలిసినోళ్లు ఇక్కడే రాసుకుంటే ఎట్ల? అర్జీ రాయండి, నేను సంతకం పెడతా.

రేణిగుంట_జంక్షన్
ముసాయిదా పెడుతున్నా, దిద్దండి.

పండగ మూడు రోజుల తేదీ నవంబరులోనే ప్రకటించాలి. దర్శనం కాలం ఆరు వారాలు, కల్వర్టు రీడింగు చూసి మంచి వారాంతాలు పది రోజుల ముందు చెప్పాలి. రీడింగు ప్రతి శనివారం సూళ్లూరుపేట బస్టాండు, రైల్వే స్టేషన్ బోర్డుల మీద రాయాలి. రోడ్డుకు ఉత్తరం పక్కన బండ్లు ఆపే జాగాలు, ఒక్కో చోట స్కోపు, దాని పక్కన శిక్షణ పొందిన ఊరి మనిషి. పడవల్లో పిల్లల సైజు జాకెట్లు, గడకర్ర, కత్తి తప్పనిసరి. నేలపట్టు చెరువులో మార్చి దాకా నీటిమట్టం నిలపాలి. ముఖద్వారం, కల్వర్టుల మీద శాస్త్రీయంగా సర్వే చేయించాలి.

దొరవారిసత్రం_చెరువుకట్ట
నేలపట్టు వాక్యంలో రైతుల్ని చేర్చు. ఆ చెరువు నీళ్లు పొలాలకూ పోతాయి. పక్షుల రెట్ట కలిసిన నీళ్లు పైరుకు బలమని ఊళ్లో అందరికీ తెలుసు, పక్షుల మీద వాళ్లకు కోపం లేదు. తూము ఎప్పుడు ఎత్తాలి, ఎంత ఎత్తాలి అన్నది ఆయకట్టు రైతులూ అటవీ శాఖా కలిసి కూర్చుని అక్టోబరులోనే రాసుకోవాలని పెట్టు. లేకపోతే ఫిబ్రవరిలో తగువు అవుతుంది.

సూళ్లూరుపేట_బజారువీధి
మరుగుదొడ్లు మర్చిపోయినావు. ఆడవాళ్లు తెల్లారి నాలుగింటికి బయలుదేరి వస్తే అటకానితిప్ప దాకా ఎక్కడ ఆగాలి? ఆరు వారాలూ నీళ్ల ట్యాంకుతో సహా ఉండాలి. ఉప్పు నేల కాబట్టి అక్కడ గుంత తవ్వే రకం పనికిరాదు, నీళ్లు ఊరుతాయి. బయో టాయిలెట్లే పెట్టాలి, రెండు రోజులకోసారి బండి వచ్చి ఖాళీ చేయాలి.

పుత్తూరు_పిల్ల
ఇది మొదటి వరసలో పెట్టండి, చివర్లో కాదు.

రేణిగుంట_జంక్షన్
పెట్టినా. రైతుల వాక్యం కూడా చేర్చినా. సోమవారం తిరుపతి కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఒక కాపీ, సూళ్లూరుపేట వన్యప్రాణి విభాగం ఆఫీసులో ఒకటి, పర్యాటక శాఖకు ఒకటి ఇద్దాం. కలెక్టరేట్‌లో రసీదు నంబరు ఇస్తారు, అది ఇక్కడ పెడతా. మాస్టారూ, కల్వర్టు గోడ మీద గీతలు ఎట్ల ఉండాలో ఒక బొమ్మ గీసి పంపగలరా? అర్జీకి జతచేస్తే ఇంజినీర్‌కు వెంటనే అర్థమవుతుంది.

లెక్కల_మాస్టారు
రేపు సాయంత్రానికి పంపుతా. కల్వర్టు నంబర్లు రోడ్డు మీద రాసి ఉంటాయి, గడకర్ర గారు ఏ నాలుగైతే మేత జాగాలకు దగ్గరో చెప్తే వాటికే గీస్తా.

బీవీపాలెం_గడకర్ర
పొద్దున అటు పోయే వాళ్లున్నారు, నంబర్లు కనుక్కుని రాస్తా.